విన్‌చెస్టర్ మోడల్ 67: సొంత చేతులతో బాగుచేసుకోదగిన పాత .22 రైఫిల్

పాత రిమ్‌ఫైర్ రైఫిల్ ఒకటి కొని సొంతంగా బాగుచేసుకోవాలనుకునేవారు మొదట ఏది కొనాలని నన్ను అడిగితే, విన్‌చెస్టర్ మోడల్ 67 పేరే చెబుతాను. ఒహాయోలో మా ఊరికి దగ్గరలో ఉన్న ఒక తుపాకుల దుకాణంలో, మూలన చీపుర్ల పక్కన నిలబెట్టి ఉన్న అలాంటి రైఫిల్‌ను నిరుడు జూన్‌లో 140 డాలర్లకు కొన్నాను. గొట్టం నిండా ఎర్రటి తుప్పు పట్టి, భుజానికి ఆనించే కర్ర చమురు పీల్చి నల్లబడి, గురి చూసే వెనక సైట్ కింద దాని ఎత్తు మార్చడానికి ఉండవలసిన మెట్ల రేకు లేకుండా ఉన్న ఆ తుపాకీ మీద దాదాపు తొమ్మిది నెలల పాటు శని, ఆదివారాల్లో పనిచేశాను. ఇప్పుడు అది ప్రతి నెలా గురి సాధన చేసే రేంజ్‌కు వస్తోంది. ఆ తుపాకీ ఎలాంటిదో, దాని మీద పడిన శ్రమ ఎంతో, ఏ పద్ధతి ఫలించిందో, ఏది డబ్బు దండగ అయిందో ఈ సమీక్షలో చెబుతున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే అమెరికాలో ఉన్న మన తెలుగువారిలో చాలామంది ఇక్కడే పొరపాటు పడే అవకాశం ఉంది. హెచ్‌-1బీ వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి మీద ఆధారపడాలనుకునేవారు న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఆ అడ్డంకి లేదు. దుకాణంలో 4473 అనే ఫారం నింపి, నేర చరిత్ర తనిఖీ పూర్తయ్యాక కొనుక్కోవచ్చు. ఇంటి దగ్గర, అంటే ఆంధ్రలోనో తెలంగాణలోనో, తాతగారి నాటి .22 (అంగుళంలో సుమారు 22 వందో వంతుల వెడల్పున్న గుండు పట్టే) రైఫిల్ లైసెన్స్‌తో ఉన్నవారు మాత్రం నేను చేసిన పనులు ఇంట్లో చేయడానికి వీల్లేదు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతును వృత్తిగా చేసేవారికి ప్రత్యేక లైసెన్స్ ఉండాలి కాబట్టి, మీ తుపాకీని అలాంటి డీలరు దగ్గరికే తీసుకెళ్లండి. కింద చెప్పిన సంగతులు వారితో మాట్లాడేటప్పుడు మీకు పనికొస్తాయి.

రిమ్‌ఫైర్ అంటే తెలియనివారికి ఒక్క మాట. ఈ రకం తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగుభాగం నడిమధ్యన కాకుండా చుట్టూ ఉన్న పలుచటి ఇత్తడి అంచు లోపల ఉంటుంది, తుపాకీలోని సూది ఆ అంచును నలగ్గొట్టినప్పుడు మందు అంటుకుంటుంది. అంచు ఒకసారి నలిగిన ఖాళీ తూటా డొప్పను మళ్లీ నింపి వాడుకోవడానికి వీలుండదు. 1857లో స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌తో పాటు వచ్చిన .22 షార్ట్ తూటాతో అమెరికాలో ఈ వంశం మొదలైతే, 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటా నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. నా పాత తుపాకీలో పడేది కూడా అదే.

మోడల్ 67ను కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో 1934 నుంచి 1963 వరకు తయారుచేశారు. మొత్తం మీద 3,80,000కు పైగా తయారయ్యాయి. మహామాంద్యం దెబ్బకు విన్‌చెస్టర్ కంపెనీ 1931లో దివాలా తీసి వెస్టర్న్ కార్ట్రిడ్జ్ అనే తూటాల కంపెనీ చేతుల్లోకి వెళ్లింది. జనం చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో పొలం పనులు చేసుకునే ఇళ్లకు, కొత్తగా గురి నేర్చుకునే పిల్లలకు అందుబాటు ధరలో ఉండేలా దీన్ని రూపొందించారు. 27 అంగుళాల గుండ్రటి గొట్టం, చెక్కడపు పని ఏదీ లేని సాదా వాల్‌నట్ కర్ర, మొత్తం బరువు సుమారు 5 పౌండ్లు. ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. పిల్లల కోసం 20 అంగుళాల పొట్టి గొట్టంతో కూడా ఇచ్చేవారు. తొలినాళ్ల తుపాకుల కర్రకు ముందు భాగంలో చేతివేళ్లు ఆనేలా పొడుగాటి గాడి ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. నా దానికి ఆ గాడి లేదు. అంతకుమించి వయసు చెప్పడం కష్టం, ఎందుకంటే అమెరికాలో అమ్మిన మోడల్ 67లకు క్రమసంఖ్య వేయలేదు. ప్రతి తుపాకీకీ సంఖ్య ఉండి తీరాలన్న నిబంధన 1968 చట్టంతో వచ్చింది, అప్పటికే దీని తయారీ ఆగిపోయింది.

పని నేర్చుకునేవారికి ఇది ఎందుకు నచ్చుతుందో దీని నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. కర్ర అడుగున ఉన్న ఒకే ఒక పెద్ద మర విప్పితే ఇనుము ఇనుముగా, కర్ర కర్రగా విడిపోతాయి. ట్రిగర్‌ను నొక్కి పట్టుకుని బోల్ట్‌ను, అంటే తూటా వెనక గొట్టాన్ని మూసే కదిలే కడ్డీని, వెనక్కి లాగితే అది చేతిలోకి వచ్చేస్తుంది. బోల్ట్ మూసినంత మాత్రాన తుపాకీ పేలడానికి సిద్ధం కాదు, దాని వెనక ఉన్న గుండీని వేళ్లతో పట్టి వెనక్కి లాగితే తప్ప సూది ఎక్కుపెట్టుకోదు. ఒక తరం పిల్లలకు తండ్రులు ఈ తుపాకీనే ఎందుకు కొనిచ్చారో చెప్పడానికి ఆ గుండీ ఒక్కటీ చాలు. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది. తూటా లోపల ఉండగా, ఎక్కుపెట్టిన గుండీని వేళ్లతో పట్టుకుని మెల్లగా దించుదామని ఎప్పుడూ ప్రయత్నించకండి. అది వేళ్ల మధ్య నుంచి జారితే తుపాకీ పేలుతుంది. పేల్చదలచుకోకపోతే బోల్ట్ తెరిచి తూటాను బయటికి తీసేయడమే సరైన పద్ధతి.

కొనేటప్పుడు పై తుప్పును చూసి భయపడవలసిన పని లేదు, గొట్టం లోపలి భాగాన్ని చూసి నిర్ణయించుకోవాలి. నేను బోల్ట్ తీయించి, వెనక నుంచి చిన్న టార్చి వెలుగు వేసి, నూనె గుడ్డ ఒకటి లోపలికి తోసి మరీ చూశాను. గుండును తిప్పి పంపే లోపలి మెలిక గాళ్లు పదునుగా, మెరుస్తూ కనిపించాయి. ఇది అదృష్టమే గానీ పూర్తిగా అదృష్టం కాదు. పాత తూటాల మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలాక గొట్టంలో మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టించేది. 1920ల చివర, రెమింగ్టన్ కంపెనీ క్లీన్‌బోర్ తూటాలతో మొదలుపెట్టి, ఆ ఉప్పు మిగల్చని మందులు బజారులోకి వచ్చాయి. కాబట్టి 1934 తర్వాత పుట్టిన మోడల్ 67 గొట్టాలు, అంతకు ముందు తరం రైఫిళ్ల గొట్టాలతో పోలిస్తే లోపల బాగుండే అవకాశం ఎక్కువ. మొదటి ప్రాజెక్టుకు 1900 ప్రాంతపు తుపాకీ జోలికి పోకుండా దీన్ని ఎంచుకోమనడానికి నాకున్న ముఖ్య కారణం ఇదే. బయటి తుప్పును మనం ఇంట్లో బాగుచేసుకోగలం, లోపల తిన్న తుప్పుకు మాత్రం గొట్టంలో కొత్త లైనర్ (లోపలికి దించే సన్నటి గొట్టం) వేయించాలి, ఆ ఖర్చు తుపాకీ ధరను దాటిపోతుంది.

ఇంటికి తెచ్చిన రోజే, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, కర్ర విప్పుదామని కూర్చున్నాను. మర కదల్లేదు. మామూలు స్క్రూడ్రైవర్ చివర ఏటవాలుగా ఉండి మర గాడిలో పైపైనే ఆనుతుంది, బలంగా తిప్పితే గాడి అంచు చిట్లిపోతుంది. తుపాకీ పనికి చివర రెండు పక్కలా సమానంగా అరగదీసిన బ్లేడ్లు వేరుగా దొరుకుతాయి. అవి ముందే కొని ఉంచుకోవడం వల్ల గాడి దక్కింది, అయినా మర రాలేదు. తెనాలిలో రైస్‌మిల్లు ఫిట్టర్‌గా ముప్ఫై ఏళ్లు చేసిన మా నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించాను. ఆయన తెరకు దగ్గరగా వంగి కాసేపు చూసి, "బలం పెట్టకురా. నూనె వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పు" అన్నారు. క్రాయిల్ అనే చొచ్చుకుపోయే నూనె రెండు చుక్కలు వేసి, మర్నాడు ఆయన చెప్పినట్టే చేస్తే, చిన్న కిర్రుమన్న చప్పుడుతో మర లేచింది. క్రాయిల్ ఖరీదు కాస్త ఎక్కువే అయినా, తుప్పుపట్టిన మరల దగ్గర దానికి ఇవ్వవలసిన పేరు ఇవ్వాలి.

ఇక అసలు పని తుప్పు. పాత తుపాకీ చేతికి రాగానే చాలామంది చేసేది శాండ్‌పేపర్‌తోనో, యంత్రానికి తగిలించిన తీగ బ్రష్‌తోనో తుప్పంతా గీకేసి, మెరిసే ఇనుము మీద కొత్తగా నీలిపూత పూయడం. ఇది నష్టం. గీకుడులో తుప్పుతో పాటు ఫ్యాక్టరీ పూత పోతుంది, గొట్టం మీద చెక్కిన అక్షరాలు పలచబడతాయి, విన్‌చెస్టర్ పరీక్ష ముద్ర అయిన అండాకారంలోని చిన్న అక్షరాలు అరిగిపోతాయి. ఒకసారి పోయాక వాటిని ఎవరూ తిరిగి తేలేరు. నేను అనుసరించింది ఉడికించే పద్ధతి. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఓపిక మాత్రం కావాలి.

దీని వెనక ఉన్న రసాయనం తెలుసుకుంటే పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. ఎర్ర తుప్పు ఇనుముకు ఆక్సిజన్, నీరు కలిసిన రూపం. అది పొడిపొడిగా ఉండి తేమను పీల్చుకుంటూ కింది ఇనుమును తింటూ పోతుంది. దాన్ని మరిగే నీటిలో ఉంచితే మాగ్నటైట్ అనే నల్ల ఆక్సైడుగా మారుతుంది. ఇది ఇనుముకు గట్టిగా అతుక్కుని ఉండే పొర. పాతకాలపు తుపాకీ పనివారు గొట్టాలకు నీలిపూత వేసిన పద్ధతుల్లో ఒకటి సరిగ్గా ఇదే. వారు ముందుగా ఆమ్ల ద్రావణంతో కావాలని సన్నటి తుప్పు పట్టించి, ఉడికించి, రాలే మసిని తుడిచి, అదే పనిని ఐదారుసార్లు చేసేవారు. నా తుపాకీ విషయంలో తుప్పు పట్టించే పని ఎవరో కొట్టంలో ఏళ్ల తరబడి వదిలేసి ముందే పూర్తిచేశారు, కాబట్టి ఉడికించి తుడవడమే నాకు మిగిలింది.

33 అంగుళాలు దాటిన ఇనుము పట్టే గిన్నె ఇంట్లో ఉండదు. రేకుల పనివాడి చేత 40 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల లోతు ఉన్న నల్ల ఇనుప తొట్టిని 35 డాలర్లకు చేయించాను. గాల్వనైజ్ చేసిన రేకు వద్దని ముందే చెప్పాను, ఎందుకంటే దాని మీది జింక్ మరిగే నీటిలోకి దిగి పనిని పాడుచేస్తుంది. పెరట్లో రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్ మీద తొట్టిని పెట్టి, మూడు గ్యాలన్ల డిస్టిల్డ్ వాటర్ పోశాను. కుళాయి నీటిలోని లవణాలు తెల్లటి మచ్చలుగా మిగిలిపోతాయి కాబట్టి ఇక్కడ పొదుపు చేయకూడదు. గొట్టానికి పైన ఉన్న జిడ్డంతా అసిటోన్ గుడ్డతో తుడిచి, సైట్‌ను విప్పి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, రెండు చివరలా వైరు కట్టి నీటిలోకి దించాను. వేలిముద్ర జిడ్డు పడిన చోట నీరు సరిగా అంటదు.

మొదటి పది నిమిషాల్లో నీరు టీ రంగుకు తిరిగింది. ఇరవై నిమిషాలకు, నీటి అడుగున గొట్టం మీది ఎరుపు కళ్ల ముందే ఊదాగా, ఆపై బొగ్గు నలుపుగా మారింది. అరగంటకు పైకి తీస్తే ఇనుము వేడికి నీరంతా క్షణాల్లో ఆవిరైపోయి, గొట్టం మీద మెత్తటి మసి, కాటుక పూసినట్టు, మిగిలింది. ఆ మసిని నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో (అతి సన్నటి రకం ఉక్కు పీచుతో), అసలు నొక్కకుండా, పొడవునా తుడవాలి. బజారులో దొరికే స్టీల్ ఊల్‌కు తుప్పు పట్టకుండా ముందే నూనె రాసి ఉంటుంది, దాన్ని అసిటోన్‌లో ముంచి ఆరబెట్టకుండా వాడితే ఆ నూనె గొట్టానికి అంటుతుంది. ఈ సంగతి తెలియక నేను మొదటి ముద్దను వృథా చేసుకున్నాను. మసి రాలే కొద్దీ దాని కింద నుంచి ముదురు బూడిద, నలుపు కలిసిన రంగు, మధ్యమధ్య ఫ్యాక్టరీ నాటి నీలం, బయటపడుతూ వచ్చాయి. "విన్‌చెస్టర్" అన్న అక్షరాల్లోని చివరి రెండూ తుప్పు కింద పూర్తిగా మూసుకుపోయి ఉండేవి, అవి మొదటి విడత తుడుపులోనే పదునుగా లేచాయి. నా చేతిలో ఉన్న స్టీల్ ఊల్ పక్కన పడేసి, ఆ అక్షరాలను కాసేపు అలాగే చూస్తూ నిలబడిపోయాను.

ఇదే వరుసను వారానికొకసారి చొప్పున మూడుసార్లు చేశాను. మూడోసారికి రాలే మసి పూర్తిగా తగ్గింది. తుప్పు లోతుగా తిన్న చోట గుంటలు గుంటలుగానే ఉన్నాయి, ఈ పద్ధతి వాటిని పూడ్చదు. అవి నల్లగా మారడం వల్ల చూసేవారి కంటికి అడ్డురావు, ముఖ్యంగా కొత్త తుప్పు మళ్లీ మొదలుకాదు. చివరి విడత తర్వాత గొట్టం వేడిగా ఉండగానే లోపలా బయటా నూనె పట్టించి, రెండు రోజులు వదిలేసి, మిగిలింది తుడిచేశాను. మొత్తం మీద నీళ్లకు, అసిటోన్‌కు, స్టీల్ ఊల్‌కు, నూనెకు నాకైన ఖర్చు 60 డాలర్ల లోపే. ఈ ఫలితానికి అది ఏపాటి ఖర్చూ కాదు.

ఇక్కడ ఒక నష్టం గురించి కూడా చెప్పాలి. బోల్ట్ పిడి, ట్రిగర్ గార్డు మీద పూత పూర్తిగా పోయి తెల్లటి ఇనుము కనబడుతుండటంతో, రుద్దితే చాలు నీలం పడుతుందని రాసిన ఒక చల్లటి నీలిపూత సీసాను ముందుగా కొన్నాను. దాని పేరు ఇక్కడ రాయను. సీసా మీది సూచనలన్నీ పాటించి, జిడ్డు తీసి, వేడి చేసి, మూడుసార్లు పూశాను. మొదటి రోజు చక్కటి ముదురు నీలం వచ్చింది. వారం తిరిగేసరికి చేయి తగిలిన చోటల్లా గోధుమ రంగు మచ్చలు తేలాయి, పది రోజులకు పిడి మీది పూత వేలికి అంటుకుని రావడం మొదలైంది. తుపాకీని పట్టుకున్న చేతికి ఒక ఘాటైన వాసన రోజంతా వదల్లేదు. ఇలాంటి చల్లటి పూతలు సాధారణంగా రాగి, సెలీనియం సమ్మేళనాలను ఇనుము మీద పలుచగా పేర్చేవి, అవి ఇనుములోంచి పుట్టిన ఆక్సైడ్ కావు. చిన్న గీతను మరుగుపరచడానికి అవి చాలవచ్చు గానీ, నిత్యం చేయి పడే భాగానికి వాటిని నమ్ముకోవద్దని నా అనుభవం. చివరికి ఆ పూతను తుడిచేసి, ఆ రెండు భాగాలకు తుప్పు పట్టించే ద్రావణంతో పాత పద్ధతిలోనే నీలిపూత వేశాను. ఆగస్టు ఉక్కపోతలో, తడి గుడ్డ పరిచిన అట్టపెట్టెలో వాటిని మూడు గంటలు ఉంచితే సన్నటి ముఖమల్‌లాంటి ఎర్ర తుప్పు సమంగా పట్టేది. సముద్రపు గాలికి బందరులో ఇంటి గేటు ఎలా ఎర్రబడుతుందో చిన్నప్పుడు చూసినవాణ్ణి కాబట్టి, తేమను ఇలా పనికి పెట్టుకోవడం నాకెంతో నచ్చింది. ఆరు విడతలు ఉడికించి తుడిచాక వచ్చిన నలుపు ఏడు నెలలైనా చెక్కుచెదరలేదు.

నేను చేయకుండా నిపుణుడికి అప్పజెప్పిన పని ఒకటే ఉంది. రిమ్‌ఫైర్ తుపాకీని తూటా లేకుండా ఊరికే పేల్చితే, ఇత్తడి అంచు అడ్డు లేక సూది నేరుగా తూటా కూర్చునే గది అంచును కొడుతుంది. ఏళ్ల తరబడి పిల్లలు అలా ఆడుకున్న తుపాకుల్లో ఆ చోట ఇనుము లోపలికి ఉబుకుతుంది, అప్పుడు పేలిన ఖాళీ తూటా డొప్ప ఇరుక్కుని బయటికి రాదు. నా తుపాకీలో ఈ లోపాన్ని ఖాళీ తూటా డొప్ప పక్కన పడిన గీత చూసి పోల్చుకున్నాను. ఇక్కడ ఆకురాయి పెట్టి అరగదీయడం ప్రమాదకరం, గది కొలత పెరిగితే ఇత్తడి చిట్లి మంట వెనక్కి రావచ్చు. మా దగ్గరలోని తుపాకీ పనివాడు కోణంగా అరగదీసిన గట్టి ఉక్కు పుల్లను గదిలోకి దింపి, ఉబికిన ఇనుమును అరగదీయకుండా వెనక్కి నెట్టాడు. అలాగే బోల్ట్ బిగువును, సూది పొడవును కొలిచి, పేల్చడానికి పనికొస్తుందని చెప్పాడు. అందుకు 45 డాలర్లు తీసుకున్నాడు. పాత తుపాకీని మొదటిసారి పేల్చే ముందు ఈ తనిఖీ చేయించకుండా ఉండకండి. ట్రిగర్ కాస్త బరువుగా ఉన్నా, తేలిక చేయడానికి నేను దాని కొక్కేన్ని ముట్టుకోలేదు. అది ఇంట్లో రుద్దే చోటు కాదు.

కర్ర సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే దానికి నేను చేసింది తక్కువ. మెడ దగ్గర తుపాకీ నూనె ఇంకి నల్లబడిన చోట అసిటోన్‌లో కలిపిన సుద్ద పొడిని పూసి, ఆరాక దులిపేయడం నాలుగుసార్లు చేస్తే లోపలి నూనె చాలావరకు పైకి వచ్చింది. నొక్కుకుపోయిన చోట్ల తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి కర్ర పైకి లేచింది. శాండ్‌పేపర్ వాడలేదు. వాడితే కర్ర ఎత్తు తగ్గి, ఇనుము దాని మీద మెట్టులా నిలబడుతుంది, అంచులు గుండ్రమైపోతాయి. శాండ్‌పేపర్ పట్టిన పాత తుపాకీని దూరం నుంచే పోల్చవచ్చు. ఆ తర్వాత ఉడికించిన అవిసె నూనెను అరచేత్తో రుద్ది, రోజుకొక పలుచటి పూత చొప్పున తొమ్మిది పూతలు వేశాను. ఈ నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, అవి గాలితో కలిసి వేడెక్కి తమంతట తాము అంటుకుంటాయి. నేను వాటిని బయట తీగ మీద విడివిడిగా ఆరవేసి, గట్టిపడ్డాకనే పారేశాను.

కర్ర అడుగున, వెనక భాగంలో, ఎవరో చిన్నవాడు చాకుతో చెక్కుకున్న రెండక్షరాలు ఉన్నాయి. నా స్నేహితుడొకరు వాటిని పూడ్చి నునుపు చేయమన్నారు. నేను చేయలేదు, ఎప్పటికీ చేయను. ఆ కుర్రవాడు ఈ తుపాకీని ఎంత ఇష్టపడి ఉంటే తన పేరు దాని మీద చెక్కుకుని ఉంటాడు!

విడిభాగాలకు న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో ఉన్న న్యూమ్రిచ్ సంస్థ జాబితా ఎంతో ఉపకరించింది. దాని విడదీసిన బొమ్మలో ఒక్కొక్క భాగానికి సంఖ్య ఉండటం వల్ల, నా బోల్ట్‌లో ఏ స్ప్రింగు లోపించిందో పది నిమిషాల్లో తెలుసుకోగలిగాను. సైట్ కింది మెట్ల రేకును వేరే చోట కొన్నాను. అది కొత్తగా చేసిన నకలు కావడంతో మందం ఎక్కువై గాడిలో దిగలేదు, చిన్న ఆకురాయితో రెండు పక్కలా రుద్ది పలుచన చేసి దించుకున్నాను.

ఇన్ని నెలల శ్రమకు ఫలితం మార్చి నెలలో రేంజ్‌లో తెలిసింది. సీసీఐ కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు, 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) సీసపు గుండు, సెకనుకు 1070 అడుగుల వేగం. పాత తుపాకీకి ఇంతకు మించి వేగమైనవి నేను వాడను. కళ్లద్దాలు, చెవి రక్షణలు పెట్టుకుని, ఇసుక సంచి మీద ఆనించి, 25 గజాల దూరం నుంచి ఐదు గుళ్లు పేల్చాను. మొదటి గుండు పేలాక బోల్ట్ తెరిస్తే ఖాళీ తూటా డొప్ప ఎక్కడా ఆగకుండా జారి వచ్చి నా మోకాలి మీద పడింది. దాని అంచు మీద సూది నొక్కు శుభ్రంగా, ఒకే లోతున ఉంది. ఐదు గుళ్లూ అంగుళంపావు వెడల్పులోపే పడ్డాయి, కాకపోతే అన్నీ ఎడమవైపుకు ఉండటంతో సైట్‌ను కొద్దిగా కుడికి జరిపాను. ఒక్కొక్క తూటాను చేత్తో గదిలో పెట్టి, గుండీ లాగి, గురి చూసి పేల్చే ఆ నిదానంలో గంటకు ఇరవై తూటాలకు మించి ఖర్చు కాలేదు. ఆ పూట ఒక్క గుండునైనా తొందరపడి వృథా చేయలేదు.

వేగంగా పేల్చాలని, దుర్బిని తగిలించాలని, పోటీలకు వెళ్లాలని అనుకునేవారికి ఇది సరిపడదు. దుర్బిని బిగించే ఏర్పాటు దీని మీద లేదు, అందుకోసం గొట్టానికి బెజ్జాలు వేయించడం పాత తుపాకీకి చేసే అన్యాయం. మళ్లీ అమ్మి లాభం చూద్దామనుకునేవారు కూడా ఆగాలి, నా ఖర్చు 280 డాలర్ల దాకా వచ్చింది, బజారులో బాగున్న మోడల్ 67 ధర కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. చేతిపని నేర్చుకోవాలని, ఒక మంచి వస్తువును దాని వయసుతో సహా నిలబెట్టుకోవాలని కోరుకునేవారు మాత్రం ఏ సందేహమూ లేకుండా తీసుకోండి. గొట్టం లోపలి భాగం మెరుస్తూ, కర్ర చీలకుండా, బోల్ట్ దానిదేనని తెలిస్తే చాలు, పైన ఎంత తుప్పున్నా బేరమాడి తెచ్చుకోవచ్చు. బోల్ట్ లేని తుపాకీని ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి, విడిగా దొరికిన బోల్ట్ ఆ గొట్టానికి సరిగా అమరిందో లేదో నిపుణుడు కొలిచి చూస్తే తప్ప తెలియదు.

నా తుపాకీ ఇప్పుడు తాళం వేసిన ఇనుప బీరువాలో, తేమ పీల్చే పొడి సంచి పక్కన ఉంది. రేంజ్ నుంచి వచ్చిన ప్రతిసారీ గొట్టాన్ని వెనక వైపు నుంచే శుభ్రం చేస్తున్నాను, ముందు నుంచి కడ్డీ తోస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. ముందు సైట్ పక్కన గోరంత గుంట ఒకటి ఉంది, దానిలో అప్పుడప్పుడు ఎర్రటి చుక్క తేలుతోంది. వచ్చే జూన్‌లో తొట్టిని మళ్లీ బయటికి తీసి, ఆ చివరను ఒక్కసారి ఉడికించాలి.